ఇంటి బల్ల మీద నమూనా తయారీ: ఏ పరికరం ముందు, ఏది తర్వాత

కొత్త వస్తువు ఆలోచన తట్టగానే చాలామంది ముందు 3డి ప్రింటర్ ధరలు వెతుకుతారు. అది ఐదో దశలో రావాల్సిన యంత్రం. దానికన్నా ముందు అట్ట, కట్టర్, కాలిపర్ (మందం, వ్యాసం కొలిచే పనిముట్టు), ముక్కను దవడల మధ్య పట్టుకునేలా బల్లకు బిగించే చిన్న వైస్ ఉంటే సగం ప్రశ్నలు అక్కడే తేలిపోతాయి. ఇవి లేకుండా ప్రింటర్ ఒక్కటే ఉంటే సరిపడని మూతలు గంటల తరబడి ప్రింటవుతూనే ఉంటాయి.

ఖర్చు విషయంలో ఒకటే లెక్క. కొలిచేవాటి దగ్గర, పట్టుకునేవాటి దగ్గర పిసినారితనం వద్దు. కోసేవి చవకవైనా నడుస్తాయి. మొద్దుబారిన బ్లేడును మార్చేయొచ్చు కానీ, తప్పుడు కొలత ఆ తర్వాత చేసే ప్రతి ముక్కలోకీ పాకుతుంది.

చివరిదాకా ఒకే ఉదాహరణ పట్టుకుందాం: వేళకు మోగుతూ, అదురుతూ, మూత తీయగానే ఆగిపోయే మాత్రల డబ్బా. మూత, మడతబందు, బ్యాటరీ, సెన్సర్, చిన్న మోటారు ఉన్నాయి కాబట్టి ఇంటి నమూనాల్లో ఎదురయ్యే చిక్కులు దాదాపు అన్నీ ఇందులో వస్తాయి.

దశ 1: ముందు ప్రశ్న రాయండి

ఒక్కో నమూనా ఒక్కో ప్రశ్నకు జవాబు చెప్పాలి. "వణికే చేతులతో మూత తీయగలరా?" అన్నదానికి అట్ట చాలు. "పక్క గదిలోకి మోత వినిపిస్తుందా?" అన్నదానికి ఒక బజర్, దాన్ని మూసే ఏదో ఒక డబ్బా చాలు. "వెయ్యిసార్లు తీసి మూసినా మడతబందు నిలుస్తుందా?" అన్న దగ్గరే ప్రింటర్ అవసరం పడుతుంది. మూడూ ఒకే నమూనాలో తేల్చేద్దామనుకుంటే, అది పనిచేయనప్పుడు తప్పు ఎక్కడుందో అంతుపట్టదు.

దశ 2: అట్టతో ఆకారం

కావాల్సినవి: 5 మి.మీ. ఫోమ్‌బోర్డు, 18 మి.మీ. బ్లేడున్న కట్టర్, 30 సెం.మీ. స్టీలు స్కేలు, కటింగ్ మ్యాట్, తక్కువ వేడి గ్లూగన్. ప్లాస్టిక్ స్కేలు వాడొద్దు. బ్లేడు దాని అంచును చెక్కేస్తుంది, ఒక్కోసారి పైకెక్కి వేలి మీదికి వస్తుంది.

ఫోమ్‌బోర్డును ఒక్క దెబ్బలో కోయకూడదు. మొదటి గీత పై కాగితాన్ని, రెండోది లోపలి నురుగును, మూడోది కింది కాగితాన్ని కోయాలి. బ్లేడును నిలువుగా కాకుండా బాగా వాల్చి లాగండి. కోసిన అంచున నురుగు గింజల్లా రాలుతోందంటే చెయ్యి తప్పు కాదు, బ్లేడు మొద్దుబారింది. కొన విరిచి కొత్త ముక్కతో కోయండి.

ఇక్కడ ఎక్కువమంది తప్పేది మందం లెక్కలో. లోపల 60 మి.మీ. చదరం కావాలంటే రెండు పక్కలు 60, మిగతా రెండు 70 మి.మీ. ఉండాలి, ఎందుకంటే ఆ రెండూ 5 మి.మీ. మందమున్న అంచులను కప్పుతూ నిలబడతాయి. నాలుగూ 60కే కోస్తే మూలలు కలవవు, లేదా లోపలి చోటు తగ్గుతుంది. అతుకులు లేకుండా మూల తిప్పాలంటే మడత గీతకు రెండువైపులా 45 డిగ్రీల వాలుతో వి ఆకారపు గాడి తీసి, కింది కాగితాన్ని మాత్రం ఉంచి మడవండి. మామూలు ఫోమ్‌బోర్డు లోపలి పాలిస్టైరీన్ నురుగును సూపర్‌గ్లూ కరిగించేస్తుంది. దీనికి తెల్ల జిగురో, తక్కువ వేడి గ్లూగనో వాడాలి.

అట్ట నమూనాను ఎవరికైనా చేతికిచ్చే ముందు అసలు వస్తువు బరువు ఎంతుండవచ్చో అంచనా వేసి, అంత బరువుకు నట్లూ బోల్టులూ లోపల అతికించండి. ఖాళీ అట్టపెట్టె అందరికీ సులువుగానే తెరుచుకుంటుంది. బ్యాటరీల బరువు వెనక్కి లాగుతున్నప్పుడే మూత అసలు గుణం బయటపడుతుంది.

దశ 3: కొలత

150 మి.మీ. డిజిటల్ కాలిపర్ తీసుకోండి. తెర మీద 0.01 మి.మీ. కనిపించినా, నమ్మాల్సింది సుమారు 0.03 దాకానే. కొన్న రోజే పరీక్షించండి: దవడలు తుడిచి, మూసి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. మధ్యలో వెలుగు గీత కనిపిస్తే తిరిగి ఇచ్చేయండి. తర్వాత తెలిసిన కొలత ఉన్న వస్తువును కొలవాలి. స్కేటింగ్ చక్రాల్లో ఉండే 608 బేరింగ్ ఇందుకు బాగా పనికొస్తుంది: బయటి వ్యాసం 22, లోపలి రంధ్రం 8, మందం 7 మి.మీ. ఒక్క బేరింగుతో బయటి దవడలూ లోపలి దవడలూ రెండూ పరీక్ష అయిపోతాయి.

చిన్న రంధ్రాల విషయంలో కాలిపర్ తప్పు చెబుతుంది. లోపలి దవడల కొసలు కాస్త చదునుగా ఉంటాయి కాబట్టి 5 మి.మీ. కన్నా చిన్న రంధ్రం ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. అలాంటిచోట డ్రిల్ బిట్ల వెనక కాడనే కొలమానంగా వాడండి. 3.0 కాడ దూరి 3.2 దూరకపోతే జవాబు దొరికినట్టే.

ఇంకో జాగ్రత్త: చేతిలో ఉన్న బ్యాటరీని కొలిచి దానికి సరిపడా గది గీయొద్దు. ఏఏ సైజు సెల్లు వ్యాసం 13.5 నుంచి 14.5 మి.మీ. దాకా, పొడవు 49.2 నుంచి 50.5 దాకా ఉండొచ్చు. గది పెద్దదానికి పట్టాలి, స్ప్రింగు చిన్నదాన్ని కూడా నొక్కిపట్టాలి. ఒక్క సెల్లును కొలిచి చేసిన గదిలో ఇంకో కంపెనీ సెల్లు ఇరుక్కుపోతుంది.

దశ 4: పట్టుకో, కోయి, తొలుచు

ఇక్కడ జాబితా చిన్నదే: 50–60 మి.మీ. దవడల బల్ల వైస్, రెండు జి క్లాంపులు, హ్యాక్‌సా, చదును ఆకురాయి, అర్ధచంద్రాకారపు ఆకురాయి, సూది ఆకురాళ్ల సెట్టు, చేతి డ్రిల్లు, సెంటర్ పంచ్, 120 నుంచి 600 దాకా ఉప్పుకాగితాలు, కళ్లద్దాలు. తిరిగే బిట్టు దగ్గర చేతి తొడుగులు వేసుకోకూడదు, బట్ట చుట్టుకుంటే వేలినీ లాక్కుంటుంది.

హ్యాక్‌సాకు ఒక్క సూత్రం చాలు: కోసే మందంలో కనీసం మూడు పళ్లు ఆనాలి. అంగుళానికి 24 పళ్ల బ్లేడులో మూడు పళ్లు అంటే సుమారు 3.2 మి.మీ. అంతకన్నా పల్చని రేకును నేరుగా కోస్తే పళ్లు తగులుకుని విరుగుతాయి. 32 పళ్ల బ్లేడు వేయండి, లేదా రేకును రెండు చెక్కల మధ్య బిగించి చెక్కతో కలిపి కోయండి.

ప్లాస్టిక్‌లోనో అల్యూమినియంలోనో మర తీయాలంటే రంధ్రం కొలత సులువు: బోల్టు వ్యాసంలోంచి మర అంతరం (పక్కపక్క మర గీతల మధ్య దూరం) తీసేయండి. ఎం3 (3 మి.మీ. వ్యాసపు) బోల్టుకు 3 – 0.5 = 2.5 మి.మీ., ఎం4కు 3.3. మర తీసే పనిముట్టయిన ట్యాపును అరచుట్టు ముందుకు, పావుచుట్టు వెనక్కి తిప్పుతూ పొట్టు విరగ్గొట్టాలి. ఆపకుండా తిప్పితే ట్యాపు లోపలే విరుగుతుంది, దాన్ని బయటికి తీయడం కొత్త ముక్క చేయడంకన్నా కష్టం. యాక్రిలిక్ షీటుకు బిట్టు అవతలికి వచ్చే క్షణంలోనే చీలిక వస్తుంది. కింద చెక్క ఆనించి, వేగం తగ్గించి, చివరి మిల్లీమీటరు ఒత్తకుండా దిగనివ్వండి.

దశ 5: 3డి ప్రింటర్

ముందు సాఫ్ట్‌వేర్. ఫ్రీక్యాడ్ పూర్తిగా ఉచితం, ఫైళ్లు మీ కంప్యూటర్‌లోనే ఉంటాయి. తొలి డబ్బా గీయడానికి టింకర్‌క్యాడ్ ఇంకా సులువు. ఆన్‌షేప్ ఉచిత ఖాతాలో చేసిన డ్రాయింగులు అందరికీ కనిపించేలా ఉంటాయి. అభిరుచి కోసం చేసుకునేవాళ్లకు ఫర్వాలేదు కానీ, పేటెంట్ ఆశ ఉన్నవాళ్లు దాని జోలికి పోకూడదు.

యంత్రం ఎంత పెద్దదన్నది తొలి ఏడాది పెద్ద విషయం కాదు. 0.4 మి.మీ. నాజిల్ (కరిగిన ప్లాస్టిక్ వచ్చే మూతి), వేడెక్కే బెడ్ (ముక్క నిలిచే పలక), 200 మి.మీ. చుట్టుపక్కల చదరం చాలు. పిఎల్ఎ అనే ప్లాస్టిక్‌తో మొదలుపెట్టండి: నాజిల్ 190–220, బెడ్ 50–60 డిగ్రీలు. పిఎల్ఎ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, ఎండలో నిలిపిన కారులో పెడితే వంగిపోతుంది. వేడి, దెబ్బ తట్టుకోవాల్సిన ముక్కకు పిఇటిజి ప్లాస్టిక్ వాడండి: నాజిల్ 230–250, బెడ్ 70–85.

అసలు ముక్క కన్నా ముందు పరీక్ష ముక్క ప్రింట్ చేయండి. 4 మి.మీ. మందమున్న పట్టీలో 3.0, 3.1, 3.2, 3.3, 3.4 మి.మీ. రంధ్రాలు ఐదు గీసి, ఎం3 బోల్టు దేనిలో బిగువుగా దిగింది, దేనిలో దానంతటదే జారింది చూడండి. ప్రింటు రంధ్రాలు గీసినదానికన్నా 0.1–0.3 మి.మీ. చిన్నవవుతాయి. మీ యంత్రం ఎంత తగ్గిస్తుందో ఈ పట్టీయే చెబుతుంది. ప్లాస్టిక్ రకం మారినప్పుడల్లా ఇంకో పట్టీ తీయండి. జారుతూ కదిలే భాగాలకు ఒక్కోవైపు 0.2–0.3 మి.మీ. సందు ఉంచితే తొలి ప్రయత్నంలోనే కదులుతాయి.

మడతబందుకు ఇరుసు కొనక్కర్లేదు. ప్రింటర్‌లో వేసే 1.75 మి.మీ. ప్లాస్టిక్ తీగ (ఫిలమెంటు) ముక్కే ఇరుసవుతుంది. రంధ్రం 2.0 గీసి, ప్రింటయ్యాక 2 మి.మీ. బిట్టును డ్రిల్లుకు తగిలించకుండా వేళ్లతో తిప్పి శుభ్రం చేయండి. ఫిలమెంటు దూర్చి, చివరలను వేడి సోల్డరింగ్ ఐరన్‌తో తాకితే గుండీ తలలా ఉబ్బి బయటికి రాకుండా ఉంటుంది.

ఇక టక్కున పడే మూత. దాన్ని పట్టి ఉంచేది వంగి లేచే కొక్కెపు చెయ్యి. ప్రింటు పొరలు పేర్చినట్టుంటుంది, పొరకూ పొరకూ మధ్య పట్టు తక్కువ. కొక్కెపు చేతిని నిలువుగా ప్రింట్ చేస్తే మూడోసారో నాలుగోసారో పొర దగ్గర పుటుక్కుమంటుంది. చెయ్యి బెడ్ మీద పడుకున్నట్టు తిప్పి ప్రింట్ చేయండి. దాని పొడవును ఊహించకుండా లెక్క కట్టొచ్చు: సాగుదల = 3 × మందం × వంపు ÷ (2 × పొడవు × పొడవు). వంపు అంటే కొక్కెం కొస పక్కకు జరిగే దూరం. మందం 1.5, వంపు 0.8, పొడవు 8 మి.మీ. అయితే 3.6 ÷ 128, అంటే 2.8 శాతం. పిఎల్ఎ రోజూ ఇంత భరించలేదు. పొడవును 12 చేస్తే 3.6 ÷ 288, అంటే 1.25 శాతం. నాలుగు మిల్లీమీటర్లు పెంచితే భారం సగానికన్నా తగ్గింది. పదేపదే వంగే చేతికి 2 శాతం దాటనివ్వకపోవడం మంచిది, పిఇటిజి అయితే ఇంకాస్త ధైర్యం.

బలం కావాలంటే లోపలి నింపుడు శాతం పెంచేస్తారు చాలామంది. దానికన్నా గోడలు రెండు నుంచి నాలుగుకు పెంచండి, నింపుడు 15–20 శాతమే ఉంచండి. వంగే భారమంతా పడేది పై చర్మం మీదే. తరచూ విప్పి బిగించే స్క్రూలకు ఇత్తడి మర గుళికలు (లోపల మర ఉన్న చిన్న గొట్టాలు) పెట్టండి. గుళికకు తగ్గ రంధ్రం కొలత దాని తయారీదారు ఇచ్చే పట్టికలో ఉంటుంది. సోల్డరింగ్ ఐరన్‌ను 220 డిగ్రీల దగ్గర ఉంచి, గుళిక మీద ఆనించి, నొక్కకుండా దాని బరువుకే దిగనివ్వండి. పూర్తిగా దిగే ముందే ఐరన్ తీసేసి, చదునైన లోహపు ముక్కతో నొక్కితే నిటారుగా కూర్చుంటుంది.

మొదటి పొర అంటుకోకపోతే సెట్టింగులు మార్చే ముందు బెడ్‌ను గిన్నెల సబ్బుతో కడిగి ఆరబెట్టండి. చాలాసార్లు తప్పు వేలిముద్రల జిడ్డుదే. నాజిల్ దగ్గర చిటపట శబ్దం, ముక్క నిండా దారప్పోగులు కనిపిస్తే ఫిలమెంటు చెమ్మ పట్టింది. పిఇటిజిని 65 డిగ్రీల దగ్గర నాలుగైదు గంటలు ఆరబెట్టండి.

నెలకు రెండు మూడు ముక్కలే కావాలంటే ప్రింటర్ కొనడం దండగ. ఫైలు పంపి చేయించుకోండి. లేజర్ కటింగ్ అయితే ఎలాగూ బయటే, ఏదైనా ఉమ్మడి వర్క్‌షాపులో. అక్కడికి పివిసి షీటు మాత్రం తీసుకెళ్లొద్దు. లేజర్ తగిలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, మనుషులకూ యంత్రానికీ చేటు.

దశ 6: బ్రెడ్‌బోర్డు మీద ప్రాణం పోయడం

కావాల్సినవి: 830 రంధ్రాల బ్రెడ్‌బోర్డు (సోల్డరింగ్ లేకుండా తీగలు గుచ్చి సర్క్యూట్ కట్టే పలక), ఆర్డునో ఊనో ఆర్3 లాంటి, ప్రోగ్రాము ఎక్కించుకునే బోర్డు, జంపర్ తీగలు, మల్టీమీటర్, రెసిస్టర్ల సెట్టు, రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికొస్తే మూసుకునే స్విచ్), అయస్కాంతం, బజర్, అదురు మోటారు. కొన్ని బ్రెడ్‌బోర్డుల్లో పక్కనున్న ఎరుపు, నీలం గీతలు మధ్యలో తెగి ఉంటాయి. అక్కడ లోపలి పట్టీ కూడా తెగినట్టే. పై సగంలో కరెంటు ఉండి కింది సగంలో లేకపోతే ముందు అక్కడ చూడండి.

మూత తెరిచిన సంగతి చెప్పేది రీడ్ స్విచ్. దాని ఒక కాలు గ్రౌండుకు, ఇంకోటి బోర్డు పిన్నుకు కలిపి, ప్రోగ్రాములో లోపలి పుల్అప్‌ను (పిన్నును ప్లస్ వైపు పట్టి ఉంచే రెసిస్టర్‌ను) ఆన్ చేయండి. చేయకపోతే పిన్ను గాల్లో వేలాడుతున్నట్టే. మూత కదపకపోయినా, చెయ్యి దగ్గరికి తెస్తే చాలు డబ్బా పిచ్చిగా మోగుతుంది. స్విచ్ మూసుకునేటప్పుడు కొన్ని మిల్లీసెకన్లు టకటకలాడుతుంది కాబట్టి, 30 మిల్లీసెకన్లు ఆగి మళ్లీ చదివాకే నమ్మండి.

అదురు మోటారును పిన్నుకు నేరుగా కలపకూడదు. ఊనో పిన్ను హాయిగా ఇవ్వగలిగేది 20 మిల్లీఆంపియర్లు, 40 దాని గరిష్ఠ హద్దు. మోటారు 80 దాకా అడుగుతుంది. మధ్యలో 2ఎన్2222 ట్రాన్సిస్టర్ పెట్టి, పిన్ను నుంచి దాని బేస్‌కు (ట్రాన్సిస్టర్‌ను ఆన్ చేసే కాలుకు) 470 ఓమ్‌ల రెసిస్టర్ వేయండి. మోటారు రెండు కాళ్ల మీదుగా 1ఎన్4007 డయోడును, గీత ఉన్న వైపు ప్లస్‌కు వచ్చేలా కలపండి. డయోడు మరిచిపోతే మోటారు ఆగిన ప్రతిసారీ పుట్టే ఎదురు వోల్టేజి బోర్డును రీసెట్ చేయొచ్చు, ట్రాన్సిస్టర్‌ను కాల్చేయనూ వచ్చు. డయోడు తిరగేసి పెడితే అది నేరుగా షార్టే.

గడియారం సంగతి చాలా ఆలస్యంగా బయటపడుతుంది. ఊనో లోపలి టైమింగ్ సిరామిక్ రెసొనేటర్‌ది. దానిలో అర శాతం తేడా ఉంటే రోజుకు ఏడు నిమిషాలు. బల్ల మీద పది నిమిషాల పరీక్షలో ఇది కనిపించదు. డీఎస్3231 గడియారపు మాడ్యూల్ పెడితే తేడా ఏడాదికి నిమిషం చుట్టుపక్కలే ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ నమూనాలు చచ్చేది బ్యాటరీ దగ్గర. యుఎస్‌బి తీగ మీద చక్కగా నడిచిన డబ్బాకు సన్నగా ఉంటుందని సీఆర్2032 బిళ్ల సెల్లు పెడతారు, మోటారు ఒక్కసారి గురక పెట్టి ఆగిపోతుంది. బిళ్ల సెల్లు లోపలి నిరోధం 20 ఓమ్‌లనుకున్నా, 80 మిల్లీఆంపియర్ల దగ్గర 1.6 వోల్టులు లోపలే పోతాయి, మూడింట్లో మిగిలేది 1.4. ఏఏ సెల్లులకు మారినా ఇంకో లెక్క ఉంది. ఊనో బోర్డు ఏ పనీ చేయకుండానే 45–50 మిల్లీఆంపియర్లు తాగుతుంది, 2400 మిల్లీఆంపియర్ గంటల సెల్లులు రెండు రోజుల్లో ఖాళీ. ఊనో నేర్చుకోవడానికే. చివరి నమూనాలో దాని మీదున్న ఏటీమెగా328పి చిప్పునే విడిగా వాడి నిద్రపుచ్చితే వాడకం మైక్రోఆంపియర్లలోకి దిగుతుంది. లిథియం సెల్లు వాడితే రక్షణ సర్క్యూట్ ఉన్నదే తీసుకోండి, 4.2 వోల్టులు దాటి ఛార్జ్ కానివ్వకండి. ఇంటి కరెంటు అవసరమైతే రెడీమేడ్ అడాప్టర్ కొనండి. మెయిన్స్ వోల్టేజి ఇంటి ప్రయోగాలకు కాదు.

మల్టీమీటర్‌తో జరిగే ప్రమాదం ఒకటే, అందరూ ఒక్కసారైనా చేస్తారు: కరెంటు కొలిచి, ఎర్ర తీగను 10 ఆంపియర్ల రంధ్రంలోనే వదిలేసి, వోల్టేజి కొలవబోవడం. అప్పుడు మీటరే షార్ట్ అవుతుంది. కరెంటు కొలవడం అవగానే తీగ మార్చి పక్కన పెట్టే అలవాటు చేసుకోండి.

దశ 7: సోల్డరింగ్, తర్వాత సొంత బోర్డు

వేడి మార్చుకునే వీలున్న 60 వాట్ల ఐరన్, 0.8 మి.మీ. ఫ్లక్స్ ఉన్న సోల్డరు, 2 మి.మీ. చుట్టుపక్కల ఉలి కొన. సూది కొన చూడ్డానికి బాగుంటుంది, వేడి అందించడంలో మాత్రం వెనకబడుతుంది. 63/37 సోల్డరు (63 శాతం తగరం, 37 శాతం సీసం) 183 డిగ్రీలకు కరుగుతుంది, ఐరన్ 330–350 దగ్గర ఉంటే పని సాగుతుంది. కొనను కాలికీ రాగి చుట్టుకూ ఒకేసారి ఆనించి, ఒక క్షణం ఆగి, సోల్డరును ఐరన్‌కు కాదు, అతుకుకు తాకించండి. మంచి అతుకు అంచులకు పాకి లోపలికి వంగిన వాలులా ఉంటుంది. గోళీలా గుండ్రంగా కూర్చుంటే కింద అంటలేదు. పని అయ్యాక కొన మీద కాస్త సోల్డరు ఉంచే ఆపండి. సీసం ఉంటుంది, చేతులు కడుక్కున్నాకే తిండి.

సర్క్యూట్ కుదిరాక కీక్యాడ్ (KiCad) సాఫ్ట్‌వేర్‌లో బోర్డు గీసి బయట చేయించుకోవచ్చు. ఆర్డరు పెట్టే ముందు ఒక అరగంట పని: బోర్డు చిత్రాన్ని 100 శాతం సైజులో కాగితం మీద ప్రింట్ తీసి, ఫోమ్‌బోర్డు ముక్క మీద అతికించి, అసలు భాగాల కాళ్లను గుచ్చి చూడండి. రీడ్ స్విచ్ కాళ్ల దూరం తప్పడం, బ్యాటరీ హోల్డర్ స్క్రూకు అడ్డం రావడం, కనెక్టర్ తిరగబడటం ఇక్కడే కనిపిస్తాయి. ఆ బోర్డును ప్రింట్ చేసిన డబ్బాలో పెట్టి మూత కూడా మూయండి.

దశ 8: పది కాపీలు కావాలంటే

పదిమందికి ఇచ్చి చూడాలంటే పది ప్రింట్లకన్నా సిలికోన్ మూస తేలిక కావచ్చు. మాతృక ముక్కను 220, 400, 600 ఉప్పుకాగితాలతో వరసగా రుద్ది, ప్రైమర్ కొట్టండి. పొర గీతలు ఉంటే సిలికోన్ వాటినీ నమ్మకంగా కాపీ కొడుతుంది. చుట్టూ కనీసం 10 మి.మీ. ఖాళీ ఉండేలా పెట్టె కట్టి, ఒక మూల నుంచి సన్నని ధారగా, ఎత్తు నుంచి పోయండి. బుడగలు దారిలోనే పగులుతాయి. ప్లాటినం రకం సిలికోన్ గంధకం ఉన్న మోడలింగ్ మట్టి, రబ్బరు పాల తొడుగులు, పూర్తిగా గట్టిపడని రెసిన్ ప్రింట్ తగిలితే అక్కడ జిగటగానే ఉండిపోతుంది. ముందు ఒక మూలన చెంచాడు వేసి చూడండి. రెండు భాగాల మూసలో మొదటి సగం గట్టిపడ్డాక వాజిలిన్ పల్చగా పూయకపోతే రెండూ ఒకే దిమ్మ అవుతాయి. లోపల పోసే పాలీయురెథేన్ రెసిన్‌కు తేమ పడదు, నురగలా పొంగుతుంది. నిష్పత్తి బరువులోనా, పరిమాణంలోనా అన్నది డబ్బా మీద చదివి, గ్రాముల తూకంతో కలపండి.

దశ 9: చూపించే ముందు

ప్రతి నమూనా మీద తేదీ, వరస సంఖ్య మార్కర్‌తో రాయండి. అదే సంఖ్య కింద నోట్‌బుక్కులో ప్రశ్న, కొలతలు, విఫలమైన చోటు, ఫోటో ఉండాలి. విరిగిన కొక్కేన్నీ పారేయకుండా సంచిలో వేసి సంఖ్య అంటించండి. ఎన్ని మి.మీ. చేతికి ఎన్నిసార్లకు విరిగిందో ఆ ముక్కే చెబుతుంది.

చాలా దేశాల్లో దరఖాస్తుకు ముందే బహిరంగమైన ఆవిష్కరణకు పేటెంట్ రాదు. అమెరికాలో ఆవిష్కర్త స్వయంగా వెల్లడిస్తే 12 నెలల గడువు ఉంది, ఆ వెసులుబాటు అన్నిచోట్లా ఉంటుందనుకోవద్దు. పారిస్ ఒప్పందం ప్రకారం ఒక సభ్యదేశంలో మొదటి దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి 12 నెలల్లోపు మిగతా సభ్యదేశాల్లో దాఖలు చేస్తే ఆ మొదటి తేదీయే చెల్లుతుంది. అందుకని వీడియో పెట్టడం, ప్రదర్శనలో బల్ల వేయడం దరఖాస్తు తర్వాతే. పరీక్షకు డబ్బా ఇచ్చే పదిమంది దగ్గరా గోప్యత కాగితం మీద సంతకం తీసుకోండి. ప్రింటు చేసిపెట్టేవాళ్లకు వీలైతే మూతను ఒకచోట, అడుగును ఇంకోచోట పంపండి.